అలుగు, ములికి, మొద్దు: అంబు కొసలో దాగిన మన తెలుగు

మా హొసూరు పక్క తెలుగు ఇళ్లల్లో బాణాన్ని 'అంబు' అంటాం. ఈ మాట మా పిల్లలు ఆంధ్రా చుట్టాల ముందు అంటే "అది అరవం కదా" అని నవ్వుతారు. బెంగళూరులో అంటే "అది కన్నడం కదా" అంటారు. ఈమధ్య మా బంధువుల అమ్మాయి ఒకామె కొడుక్కి బొమ్మ విల్లు కొనిచ్చి "అంబు వెయ్యి నాన్నా" అన్నదట. అత్తింటి వాళ్లు "బాణం అనాలమ్మా, పిల్లాడికి మంచి తెలుగు నేర్పు" అని సరిదిద్దినారట. ఆ పిల్ల నాకు ఫోను చేసి "పెదనాన్నా, మనది మంచి తెలుగు కాదా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబుగానే ఇది రాస్తున్నా.

నేను చదివింది బీకాం. బ్యాంకులో ముప్పై అయిదేళ్లు పనిచేసి రిటైరయినా. భాషాశాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయితే లెక్క ఎవరి పేరున ఉందో, ఆస్తి ఎవరిదో తేల్చడం మా పని. మాటల విషయంలోనూ అట్లాగే పాత పద్దులు తిరగేసి చూస్తే, 'అంబు' మనకు ఎవరూ అప్పిచ్చింది కాదని తేలుతుంది.

ముందు అందరికీ తెలిసిన మాట ఒకటి చూడండి: విల్లంబులు. అల్లూరి సీతారామరాజు గురించి పాఠం చెప్పే ఏ పంతులుగారైనా ఆ మాట వాడతారు. దాన్ని విడదీస్తే విల్లు, అంబులు. గుంటూరు వాళ్లూ, వరంగల్ వాళ్లూ రోజూ రాసే ఈ మాటలో మా 'అంబు' చెక్కు చెదరకుండా ఉంది. విడిగా అంటే అరవం, జంటగా అంటే తెలుగు ఎట్లా అవుతుంది?

పుస్తకాల తెలుగులో దీని రూపం 'అమ్ము'. తమిళంలో, కన్నడంలో అంబు, మనకు అమ్ము. ఇది ఒక్క మాటకు జరిగింది కాదు. తమిళంలో కొంబు, మనకు కొమ్ము. వాళ్లకు నంబు, మనకు నమ్ము. వాళ్ల తంబి మన తమ్ముడు. పక్కపక్క ఇళ్లవాళ్లు ఒకే పేరును కొంచెం వేరుగా పలికినట్టే ఇదీ. అమ్ములు పెట్టుకునేది అమ్ములపొది. కొత్త క్షిపణి వచ్చిన ప్రతిసారీ "భారత అమ్ములపొదిలో మరో అస్త్రం" అని పేపర్లలో వేస్తారు, చూసే ఉంటారు. ఇదే మాట వేరే మాటతో కలిసేటప్పుడు 'అంప' అవుతుంది. భీష్ముడు పడుకున్నది అంపశయ్య మీద. ఆ పేరుతో నవీన్ గారి నవల కూడా ఉంది.

మరి 'బాణం'? అది సంస్కృతం నుంచి వచ్చింది. శరమూ అంతే. 'తీర్' పారసీకం. ఇవన్నీ మనం వాడుకుంటున్న మంచి మాటలే, వాటి మీద నాకేమీ కోపం లేదు. కానీ ఇంటి సొమ్మును పరాయిదనీ, బయట నుంచి తెచ్చుకున్నదే సొంతమనీ అంటే లెక్క తప్పినట్టే. అంబు, అమ్ము అనేవి తమిళ, కన్నడ, తెలుగు వాళ్లకు ఉమ్మడి ఖాతాలోవి. అందులో ముగ్గురికీ సంతకం హక్కుంది.

ఒక అంబుకు ఎన్ని పేర్లు

మా ఊళ్లో నా చిన్నప్పుడు ఒక కమ్మరి ఉండేవాడు. మాకు చుట్టరికం లేకపోయినా తాతా అనే పిలిచేవాళ్లం. నాగటి కర్రులు, కొడవళ్లు ఆయన రోజువారీ పని. పాత బండి పట్టా ముక్కలతో ఎప్పుడైనా అంబు కొసలు కూడా కొట్టేవాడు. ఆయన మాట ఒకటి నాకు బాగా గుర్తు: "కొస సూడు నాయినా, ఏటకు పోయేటోడు యా జంతువు మీదికి పోతాండాడో ఆడే రాసుండాది." ఈ మాట ఎంత నిజమో నాకు పెద్దయినాక పుస్తకాలు చదివితే అర్థమైంది. దానికి ముందు అంబు అంగాలు ఏమిటో చూద్దాం.

కర్రభాగం కోల. కోలాటంలో ఉన్నదీ అదే కోల. కన్నడంలో కోలు, తమిళంలో కోల్. వెనక కట్టే ఈక గరి. నెమలి ఈకను కన్నడంలో నవిలుగరి అంటారు. తెలుగు నిఘంటువుల్లో గరి అంటే ప్రత్యేకంగా అంబు వెనక ఈక. కన్నడ దేశపు తెలుగువాళ్లు ఎవరైనా మామూలు ఈకను 'గరి' అంటే తప్పు పట్టకండి, అది పాత తెలుగు మాటకు దగ్గరి చుట్టం. వింటికి కట్టే తాడు నారి, లేదా అల్లెతాడు. తమిళంలో నాణ్, కన్నడంలో హెదె.

ఇక ముందరి కొస. దానికి తెలుగులో రెండు ముఖ్యమైన మాటలున్నాయి: ములికి, అలుగు. నిఘంటువులో రెంటికీ 'బాణపు మొన' అన్న అర్థం కనిపిస్తుంది. కానీ మాటల పుట్టుక చూస్తే రెండూ ఒకటి కాదు. ములికిలో ముల్లు ఉంది, అంటే గుచ్చుకునేది. ఎద్దులను అదిలించే ములుకోలలో ఉన్నదీ అదే. అలుగు అంటే పదునైన రేకు, అంటే కోసేది. కత్తి అలుగు, ఈటె అలుగు అన్నట్టే అంబు అలుగు.

కోసేదా, గుచ్చేదా, కొట్టేదా

ఈ తేడా మాటల సరదా కాదు. వేటగాడికి అసలు ఎంపిక ఇదే. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండో అధికరణంలో ఆయుధాగారం మీద ఒక అధ్యాయం ఉంది. బాణపు కొసలు మూడు పనులకని అందులో చెప్పినాడు: కోయడానికి, గుచ్చడానికి, కొట్టడానికి. అవి ఇనుముతో, ఎముకతో, కర్రతో చేస్తారనీ చెప్పినాడు. ఒక స్టోర్సు రిజిస్టరులాగా ఉంటుంది ఆ లెక్క. మా కమ్మరి తాత కౌటిల్యుణ్ణి చదవలేదు. అయినా ఆయన కొలిమి దగ్గర ఉండిన లెక్కా ఇదే.

కొట్టేది మొద్దు కొస. పదును ఉండదు, కర్ర చివరే గుండ్రంగా లావుగా వదిలేస్తారు. పిట్టలకు, చిన్న జంతువులకు ఇది. దెబ్బకు పిట్ట స్పృహ తప్పి పడిపోతుంది. గురి తప్పినా అంబు చెట్టు కొమ్మలో గుచ్చుకుని పైనే ఉండిపోదు, కింద పడుతుంది, ఏరుకోవచ్చు. కోల చేసుకోవడానికి పట్టే శ్రమ తెలిసినవాళ్లకు ఇది చిన్న లాభం కాదు.

గుచ్చేది ములికి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. యుద్ధంలో కవచాన్ని దూరడానికి పనికొచ్చేది ఇటువంటిదే. పెద్ద జంతువు వేటకు మాత్రం ఒట్టి ములికి మంచిది కాదు. సన్నని రంధ్రం చేసి ఆగిపోతుంది. జంతువు గాయంతో తప్పించుకుని పోయి ఎక్కడో రోజుల తరబడి నలిగి చస్తుంది. వేటగాడికి మాంసమూ దక్కదు, పుణ్యమూ దక్కదు.

కోసేది అలుగు. ఆకులాగా వెడల్పుగా, రెండు పక్కలా పదునుతో ఉంటుంది. తుపాకీ గుండు దెబ్బ బలంతో చంపుతుంది. అంబుకు అంత బలం లేదు, అది కోతతోనే చంపాలి. లోపల నెత్తురు నాళాలు తెగి జంతువు త్వరగా పడిపోవాలి. కాబట్టి అలుగుకు మొదటి లక్షణం వెడల్పు కాదు, పదును. ఆకురాయితో రాసి, సానరాయి మీద నూరి, వెంట్రుకలు తెగేంత పదును పెట్టాలి. మొండి అలుగు నాళాన్ని కోయకుండా పక్కకు తోసేస్తుంది. పదును పెట్టకుండా వేటకు పోవడం క్రూరత్వం అని పెద్దలు అనేది అందుకే.

రెండోది వెడల్పు. వెడల్పు ఎంత ఉంటే అంత మంచిదనుకుంటే పొరపాటు. వెడల్పు పెరిగేకొద్దీ లోపలికి దూరడానికి ఎక్కువ బలం కావాలి. గట్టి విల్లు ఉన్నవాడికి వెడల్పు అలుగు సరిపోతుంది. మెత్తని వింటికి సన్నని, పొడుగాటి అలుగు నయం. అమెరికాలో విల్లుతో వేటాడే పాత పద్ధతివాళ్లలో హోవర్డ్ హిల్ పేరు పెద్దది. అలుగు పొడవు వెడల్పుకు మూడింతలు ఉండాలన్న సూత్రం ఆయన పేరు మీదే చెల్లుబాటవుతున్నది. రెండు రేకులది మంచిదా, మూడు రేకులది మంచిదా అని అక్కడ ఇప్పటికీ వాదించుకుంటారు. రెండు రేకులది ఎముక తగిలినా లోతుగా పోతుంది. మూడు రేకులది గాయం పెద్దది చేస్తుంది, కానీ త్వరగా ఆగుతుంది. దేనికైనా వింటి బలమే కొలత.

మూడోది బరువు. ముందు బరువుంటే అంబు నేరుగా పోతుంది. కానీ సన్నని కోలకు బరువు కొస పెడితే వదిలేటప్పుడు కోల ఎక్కువ వంగి దారి తప్పుతుంది. కోలకు తగిన కొస, కొసకు తగిన కోల. వెడల్పు అలుగు గాలిలో రెక్కలాగా కూడా పనిచేస్తుంది కాబట్టి దానికి వెనక గరి కూడా పెద్దది కావాలి, లేకపోతే అంబు పక్కకు లాగుతుంది. అమెరికా అంగళ్లలో ఈ కొసలను గ్రెయిన్ల లెక్కన అమ్ముతారు. 125 గ్రెయిన్లది మామూలు సైజు. అంటే సుమారు 8 గ్రాములు. బంగారం మీద అప్పులిచ్చిన చేతులకు ఇది వెంటనే తెలుస్తుంది: తమిళనాట మనం అనే ఒక సవరను బరువు!

నాలుగోది కోలకు బిగించే తీరు. కొసకు వెనక సన్నని మేకులాంటి తోక ఉంటే దాన్ని వెదురు కోలలో దిగగొట్టి, నరంతోనో నారతోనో చుట్టి, లక్క పూస్తారు. గొట్టంలాగా ఉంటే కోల చివరికి తొడుగుతారు. తోక కొసకు ఇనుము తక్కువ పడుతుంది, కానీ కట్టు బాగా లేకపోతే కోల చీలుతుంది. గొట్టం కొసకు పనితనం ఎక్కువ కావాలి, బలం కూడా ఎక్కువ.

చివరగా వెనక్కి తిరిగిన ముళ్లు. చేపలకు ఇవి ఉండాలి, లేకపోతే చేప జారిపోతుంది. జంతువుకు మాత్రం ఇవి హింస. లోపల ఇరుక్కుని బయటికి రావు. యుద్ధంలో కూడా ఇటువంటి కర్ణి బాణాలు, విషం పూసిన బాణాలు వాడకూడదని మనుస్మృతి ఏడో అధ్యాయంలో ఉంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల వేట చట్టాలు కూడా ముళ్ల కొసలను ఒప్పుకోవు. ఎక్కడి మనువు, ఎక్కడి అమెరికా, ఇద్దరికీ తోచిన న్యాయం ఒకటే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఇక్కడ రాసినది చరిత్ర కోసం, మాటల కోసం. ఎవరూ పండక్కి అలుగులు నూరుకోవద్దు.

అలుగు ఎక్కడెక్కడ బతికుందో

వేట పోయింది. కమ్మరి కొలిమీ చల్లారింది. ఇక 'అలుగు' మాట పోవలసిందే అనుకుంటాం. పోలేదు, వేరే ఇళ్లకు కాపురం మారింది.

కోయంబత్తూరు, సేలం పక్కల దేవాంగుల చౌడేశ్వరి అమ్మవారి ఉత్సవంలో మగవాళ్లు కత్తులు పట్టి ఎదురురొమ్ము మీద కొట్టుకుంటూ అమ్మను పిలుస్తారు. దాని పేరు అలగు సేవ. వాళ్లలో ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లున్నారు, తెలుగు మాట్లాడేవాళ్లున్నారు. కన్నడంలో అలగు, తెలుగులో అలుగు, రెండూ కత్తి రేకే. అదే తమిళనాట మురుగన్ గుళ్లలో బుగ్గలకు, నాలుకకు వేలు గుచ్చుకోవడాన్ని అలగు కుత్తుదల్ అంటారు. ఆ మాట విన్నప్పుడు అది పరాయిదనుకోకండి. మన అంబు కొసకు ఉన్న పేరే అక్కడ అమ్మవారి చేతిలోనూ, సుబ్రహ్మణ్యస్వామి చేతిలోనూ ఉంది.

చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటును కూడా అలుగు అంటాం. ఒంటి నిండా పొలుసులుండి చీమలు తినే జంతువును కూడా అలుగు అంటాం. ఈ రెంటినీ అంబు కొసతో కలిపేసి కథలు అల్లవద్దు. పలుకు ఒకటైనంత మాత్రాన పుట్టుక ఒకటి కానక్కరలేదు. ఒకే పేరున్న ఇద్దరు ఖాతాదారుల సొమ్ము కలిపేస్తే ఏమవుతుందో మా వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు.

విల్లు, బిల్లు, వేట, బేటె

బళ్లారి, కోలారు, బెంగళూరు తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. విల్లును కన్నడంలో బిల్లు అంటారు. ఇంద్రధనుస్సు అక్కడ కామనబిల్లు, మనకు హరివిల్లు, తమిళంలో వానవిల్. ఇక్కడ సూత్రం సులువు: మనకూ తమిళానికీ 'వ' ఉన్నచోట కన్నడానికి 'బ' వస్తుంది. వేట – బేటె. వేరు – బేరు. వేప – బేవు. వెన్న – బెణ్ణె. వేలు – బెరళు. ఈ సూత్రం తెలిస్తే పిల్లలకు రెండు భాషలూ కలగాపులగం కావు. ఏది ఎక్కడిదో వాళ్లే చెప్పగలరు. 'విల్' అన్న వేరు గోండి, కోలామి భాషల్లో కూడా ఉంది. అంటే మహారాష్ట్ర అడవుల దాకా ఈ బంధుత్వం ఉంది.

ఈ కలయికకు మంచి ఉదాహరణ కన్నప్ప కథ. తిన్నడనే బోయవాడు కాళహస్తిలో శివుడికి కన్నిచ్చినాడు. తమిళంలో సేక్కిళార్ పెరియపురాణంలో ఈ కథ ఉంది. తెలుగులో ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో చెప్పినాడు. కన్నడంలో 1954లో బేడర కన్నప్ప సినిమా వచ్చి రాజ్‌కుమార్ గారిని హీరోను చేసింది. అదే ఏడాది తెలుగులో కాళహస్తి కథ సినిమాగా వస్తే అందులోనూ ఆయనే నటించినారు. మన బోయ, వాళ్ల బేడ, తమిళుల వేడన్. మనిషి ఒక్కడే, చేతిలో ఉన్నదీ ఒకే అంబు.

ఒడిశా, మహారాష్ట్ర వైపు లెక్క వేరు. అక్కడి పెద్ద భాషల్లో అంబు లేదు. ఒడియాలో శర, తీర అంటారు. మరాఠీలో బాణ్, తీర్‌కమఠా అంటారు. పారసీకంలో కమాన్ అంటే విల్లు. ఆ వంపు చూసే మనం గుమ్మం మీది వంపును కమాను అంటున్నాం. హైదరాబాదు చార్ కమాన్‌లో ఉన్నవి నాలుగు విల్లులన్నమాట! బరంపురం, రాయగడ, సోలాపూర్ తెలుగు ఇళ్లల్లో అమ్ము, అంబు నిలిచి ఉంటే అది ఒడియా నుంచో మరాఠీ నుంచో వచ్చిందనడానికి వీల్లేదు. వలస వచ్చినప్పుడు మూటలో కట్టుకుని తెచ్చుకున్నదే కావచ్చు. అందుకే ఆ వైపు వాళ్ల జవాబు నాకు చాలా ముఖ్యం.

మీరు చేయవలసింది

ఇంట్లో డెబ్బై, ఎనబై దాటిన వాళ్లున్నారా? ఈ ఆదివారం పక్కన కూర్చుని ఈ నాలుగు అడగండి.

1. బాణాన్ని, వింటిని, వింటి తాడును మీరు చిన్నప్పుడు ఏమనేవాళ్లు?

2. బాణం కొసకు వేరే పేరుందా? గుచ్చేదానికీ, కోసేదానికీ, మొద్దుగా ఉన్నదానికీ వేరువేరు పేర్లున్నాయా?

3. కత్తి రేకును, కొడవలి పదును వైపును ఏమంటారు? 'అలుగు', 'అలగు' అన్నది ఎక్కడైనా విన్నారా?

4. వేటకు పోయేవాళ్లను ఏమని పిలిచేవాళ్లు?

"అలుగు అంటే తెలుసా?" అని ముందే మాట అందించవద్దు. అట్లా అడిగితే పెద్దవాళ్లు మర్యాదకు 'ఆఁ' అంటారు. కూరగాయల కత్తినో, పిల్లాడి బొమ్మ విల్లునో చూపించి, "దీన్ని ఏమంటారు అవ్వా?" అని అడగండి. వాళ్లు ఏ పలుకుతో చెప్తే ఆ పలుకుతోనే రాసుకోండి, సరిదిద్దవద్దు. ఊరు, జిల్లా, ఎన్ని తరాలుగా అక్కడున్నారో కూడా రాసి పంపండి. పేరు, ఇంటి వివరాలు అక్కర్లేదు.

ఫోనులో అడిగిన ఆ పిల్లకు నేను చెప్పింది ఇంతే: "నీ కొడుక్కి బాణం అన్న మాటా నేర్పు, అంబు అన్న మాటా నేర్పు. మీ అత్తగారు మళ్లీ సరిదిద్దితే, విల్లంబులు అన్న మాటను విడదీసి చెప్పమని ఆమెనే అడుగు. గౌరవంగా అడుగు, పెద్దావిడ కదా." అది నవ్వింది. మొన్న మళ్లీ ఫోను చేసి, వాళ్ల అత్తగారే ఇప్పుడు "అమ్ములపొది కూడా కొనిపెట్టవే వాడికి" అంటున్నదని చెప్పింది.